మొజావే ఎడారిలో రేడియేటర్ మెకానిక్

లాస్ వేగస్ వెళ్లే ఐ-15 రహదారి కాలిఫోర్నియాలోని బేకర్ దగ్గర సుమారు 930 అడుగుల నుంచి హాలరాన్ సమ్మిట్ దాకా, దాదాపు 4,000 అడుగులకు ఎక్కుతుంది. మండు వేసవిలో ఇక్కడ ఇంజన్లు సలసల కాగుతాయి. డ్రైవరు చేయగలిగింది కొంతే: ఏసీ కట్టేసి హీటర్ పెంచడం (ఎడారిలో అదో శిక్షే), ఉష్ణోగ్రత ముల్లు దిగకపోతే బండి పక్కకు ఆపడం, వేడి మీద రేడియేటర్ మూత తీయకపోవడం.

అసలు పనితనం మెకానిక్‌ది. రేడియేటర్ పై గొట్టం కాలిపోతూ కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్‌ను అనుమానిస్తాడు. విప్పి వేడినీళ్లలో ముంచుతాడు. మంచిదైతే సాధారణంగా 80-90 డిగ్రీల సెల్సియస్ మధ్య నోరు తెరుస్తుంది. చూడకుండానే కొత్త రేడియేటర్ అంటగట్టేవాడికీ ఇతనికీ తేడా ఇక్కడే. కూలెంట్ ఎటూ కారకుండానే తగ్గుతుంటే, రేడియేటర్ మూతి మీద నీలి ద్రవమున్న గొట్టం పెట్టి ఆవిరిని అందులోంచి లాగుతాడు. ద్రవం పసుపుకు తిరిగితే హెడ్ గాస్కెట్ పోయినట్టే.