అద్దె ఇంటికి పెద్దదిక్కు
కొండాపూర్‌లో ఫ్లాటు, డాలస్‌లో ఓనరు. బాత్రూం లీకవుతోందని అద్దెకున్నవాళ్లు ఇక్కడ పగలు ఫోను చేస్తే అక్కడ అర్ధరాత్రి మోగుతుంది. ఆ ఫోను తానెత్తే మనిషే ప్రాపర్టీ మేనేజరు. మనిషిని కుదిర్చి, కమీషను పుచ్చుకుని వెళ్లిపోయే బ్రోకరు వేరు, ఈయన వేరు.

ఇల్లు ఖాళీ చేసే రోజు చూడాలి ఈయన పనితనం. కరెంటు మీటరు రీడింగు ఫోటో తీస్తాడు. గీజరు వేసి నీళ్లు కాగేదాకా ఆగుతాడు. సింకు కింద చెయ్యిపెట్టి తడి చూస్తాడు. చేరిననాటి ఫోటోలు పక్కన పెట్టుకుని, వాడకంలో అరిగిందేదో, పగలగొట్టిందేదో తేలుస్తాడు. అడ్వాన్సు తగాదా అక్కడే తెగిపోతుంది. 11 నెలల అగ్రిమెంటు గడువు, మెయింటెనెన్సు, ఆస్తి పన్ను, ఓనరు ఎన్నారై అయితే అద్దెలో కోయాల్సిన టీడీఎస్, అన్నీ ఆయనకు గుర్తే.

పక్కవీధిలో ఉంటూ ఒక్క పోర్షను అద్దెకిచ్చేవారికి ఈ ఖర్చు దండగ. ఊరు దాటినా, ఇళ్లు రెండు మూడైనా లెక్క మారుతుంది. అద్దెలో 8 శాతం ఫీజంటే ఏడాదికి దాదాపు ఒక నెల అద్దె. చూసే దిక్కులేక మీ ఇల్లు ఏటా నెలపాటు ఖాళీగా ఉంటోందా? ఆ ఫీజు మీరు ఎలాగూ పోగొట్టుకుంటున్నట్టే. మంచి మేనేజరును వెతుక్కోండి.