సన్నాయి గురువు మళ్లీ శిష్యుడయ్యేదెప్పుడు?

సంగీత బోధన మీద తెలుగునాట జరిగే చర్చలో విద్యార్థి గురించిన ప్రశ్నలే ఎక్కువ. ఏ వయసులో మొదలుపెట్టించాలి, ఎన్ని కీర్తనలు నేర్పాలి, పరీక్షకు ఎప్పుడు కూర్చోబెట్టాలి అని లెక్కలు వేసే పాఠ్యప్రణాళికలు, నేర్పేవారి చదువు ఎక్కడ ఆగిపోయిందో, అది తిరిగి సాగాలంటే ఏం కావాలో అడగవు. పల్నాటి సన్నాయి చరిత్రను, అంటే శాస్త్రగ్రంథాలు నాగస్వరమని పిలిచే వాద్యపు చరిత్రను, ఈ ప్రశ్నతో చదివితే ఎంతో తెలుస్తుంది.

2022లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోని చిలకలూరిపేట, పాఠశాల భవనమంటూ లేకుండానే నాగస్వరానికి విద్యాకేంద్రంగా పేరు తెచ్చుకున్న ఊరు. గుడిలోనూ పెళ్లిపందిట్లోనూ త్యాగరాజ కీర్తనలు వాయించే ముస్లిం కుటుంబాలు ఈ చుట్టుపక్కల తరాలుగా ఈ విద్యను నిలిపాయి (దూరపువారు దీన్ని వింతగా చెప్పుకుంటారు గానీ ఇక్కడివారికి అది వింత కాదు). 1924లో ఒంగోలు సమీపంలోని కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా తండ్రి దగ్గర తొలిపాఠాలు నేర్చి, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ వద్ద శిక్షణ పొంది, తానే కచేరీలు చేస్తున్న దశలో నాగస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై బాణీకి ముగ్ధుడై, తంజావూరు సీమలోని నాచ్చియార్‌కోయిల్‌కు వెళ్లి రాజం, దురైకణ్ణు సోదరుల వద్ద మళ్లీ శిష్యుడిగా చేరారు. రాగాన్ని విస్తరించే క్రమం, ఊపిరి ఆపే చోటు, గమకాన్ని అంటే స్వరాన్ని ఊపి పలికించే తీరు, ఇవన్నీ కలిసినదే బాణీ కాబట్టి, దాన్ని మార్చుకోవడమంటే వేళ్లకు అలవాటైన దారిని వదిలించుకోవడమే. ఆయన ఆ తర్వాత శ్రీరంగంలో స్థిరపడి, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. బోధన గురించి ఆలోచించేవారికి మాత్రం ఆ బిరుదు కన్నా నాచ్చియార్‌కోయిల్ ప్రయాణమే ముఖ్యమైన సంగతి. ఆయన వద్ద నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

పెద్దవాడైన వాద్యకారుడికి కూడా ఎదురుగా గురువు ఎందుకు కావాలో ఈ వాద్యం నిర్మాణమే చెబుతుంది. నాగస్వరానికి వేళ్లు కదిలే రంధ్రాలు ఏడే గనుక, వాటి నడుమ పలకవలసిన సూక్ష్మ స్వరాలన్నిటినీ రంధ్రాన్ని సగం మూసి, ఊపిరి ఒత్తిడిని పెంచి తగ్గించి సాధించవలసిందే. ఊదేచోట అమర్చే సీవాళి, అంటే గడ్డిజాతి కాడతో చేసిన చిన్న పీక, మారితే వేళ్లు అవే ఉన్నా శ్రుతి తేడా వస్తుంది. ఎట్టయపురంలో 1904లో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ గమకాలకు ప్రత్యేక చిహ్నాలు కల్పించి, కాగితం మీద చేయగలిగినంతా చేసింది. అయినా ఆ చిహ్నాలు పనికివచ్చేది ఆ గమకాన్ని ఒకసారైనా చెవితో విన్నవారికే. నేటి ఉపాధ్యాయుడు రాజరత్నం పిళ్లై పాత రికార్డును ఫోనులో ఎన్నిసార్లయినా వినవచ్చు, వేగం తగ్గించి కూడా వినవచ్చు. అయితే వినేవాడి తప్పు దగ్గర ఆగి, మళ్లీ వాయించమని అడిగే శక్తి ఆ రికార్డుకు లేదు.

1919లో విజయనగరంలో పూసపాటి వారు స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా మొదలైన సంగీత కళాశాల, ఆ తర్వాత ఇతర పట్టణాల్లో వెలసిన ప్రభుత్వ కళాశాలలు, సంగీత కుటుంబంలో పుట్టనివారికి ఈ విద్యను అందించాయి. ఇది చిన్న విషయం కాదు, పరంపరను పొగిడేవారు దీన్ని తరచు మరచిపోతారు. పరంపరలో తలుపులు మూసి ఉండేవి, స్త్రీలకు మరీ ఎక్కువగా. అయితే సర్టిఫికెట్, డిప్లొమా అనే అంచెలు విద్యార్థిని ఉపాధ్యాయుడిగా తయారుచేసి పంపాక, ఆ ఉపాధ్యాయుడు ఇంకొకరి ముందు కూర్చునే ఏర్పాటు ఆ చట్రంలో దాదాపుగా కనిపించదు. ఉపన్యాసాలతో సాగే పునశ్చరణ తరగతి, అంటే ఉద్యోగంలో ఉన్నవారికి ఇచ్చే కొద్దిరోజుల శిక్షణ, పాఠం చెప్పే పద్ధతిని మెరుగుపరచగలదేమో గానీ ఊపిరిని దిద్దలేదు.

ఇలాంటి శిక్షణకు కాలం ఎంచుకోవడంలోనూ చిక్కు ఉంది. బడులకు సెలవులున్న ఎండాకాలంలో శిక్షణ పెట్టడం అధికారులకు అలవాటు. ఆ రోజుల్లోనే వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలు పడతాయి గనుక, సన్నాయి డోలు మేళాలకు ఏడాది తిండిగింజలు సంపాదించుకునే సమయం కూడా అదే. వీరిని అప్పుడు రమ్మంటే ఎవరూ రారు, రాకపోవడంలో తప్పూ లేదు. పెళ్లిళ్లు లేని ఆషాఢం, భాద్రపదం, పుష్యం నెలల్లో మేళగాళ్లు ఖాళీగా ఉంటారు. భృతి ఇచ్చి, ఒక్కొక్క పెద్ద విద్వాంసుడి దగ్గర ఇద్దరు ముగ్గురు ఉపాధ్యాయులను నెలరోజులు కూర్చోబెట్టి, ఒకే రాగం మీద జంటగా వాయింపిస్తే చాలు. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, పంచాంగం చూసి తేదీలు వేసే గుమాస్తా ఒకరుంటే సరిపోతుంది.