ఆగస్టు ఎండలో బాస్ వేట

రామగుండం, రెంటచింతల ఎండలు తిన్నవాళ్లం కూడా డల్లాస్ వచ్చాక ఆగస్టులో నోరు తెరుస్తాం. 2011లో ఇక్కడ 71 రోజులు ఉష్ణోగ్రత వంద ఫారెన్‌హీట్‌ను తాకింది, లేదా దాటింది. మన లెక్కలో 38 డిగ్రీలే కదా అని మీరు నవ్వవచ్చు. కానీ అలాంటి రోజులు వారాల తరబడి సాగితే జలాశయం రాత్రిపూట కూడా చల్లారదు. తెల్లవారుజామున పడవ అంచు మీంచి చెయ్యి ముంచితే స్నానానికి కాచిన నీళ్లలా తగులుతాయి. ఆ నీళ్లలోనే ఎక్కడో బాస్ చేప ఉంది. ఎక్కడన్నదే ప్రశ్న.

ఎండ ముదిరితే చేప చల్లదనం వెతుక్కుంటూ లోతుకు పోతుందని అందరూ చెప్పే మాట. అది సగమే నిజం. చేపకు మనలా ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి లేదు. నీళ్లెంత వేడో ఒళ్లూ అంతే వేడి. ఒళ్లు వేడెక్కే కొద్దీ ఆకలి పెరుగుతుంది, ప్రాణవాయువు అవసరమూ పెరుగుతుంది. నీళ్ల తీరు దీనికి సరిగ్గా ఎదురు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీళ్లు తొమ్మిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలిగితే, 30 దగ్గర ఏడున్నరే. సరే, అడుగుకు పోదామా? వేసవిలో లోతైన జలాశయం పొరలుగా విడిపోతుంది. పైన వేడి నీళ్లు, కింద చల్లటి నీళ్లు, మధ్యలో థర్మోక్లైన్ అనే పలచటి పట్టీ. ఆ పట్టీ కింది నీళ్లకు గాలి సోకదు. అడుగున కుళ్లే ఆకూ అలమూ ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తాయి. పైన ఉడుకు, కింద ఉక్కిరిబిక్కిరి. మధ్యలో మిగిలిన నాలుగైదు అడుగుల మందంలో చేప సర్దుకుంటుంది.

నాకు వేసవి వేట నచ్చడానికి కారణం ఇదే. సోనార్ తెర మీద సున్నితత్వం పెంచి చూస్తే ఆ పట్టీ బూడిదరంగు చారలా కనిపిస్తుంది. చార ఇరవై అడుగుల దగ్గరుంటే ముప్పై అడుగుల్లో ఎర వేయడం గాలిలో వేసినట్టే. లోతు కొలిచే యంత్రాలకు డబ్బు తగలేసి ఈ ఒక్క చార చూడనివాళ్లు ఎందరో. నీళ్లలోకి చొచ్చుకొచ్చిన గట్టు ముక్కో, పాత వాగు మలుపో ఆ లోతును ఎక్కడ తాకుతుందో పటంలో గుర్తు పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. అక్కడ షాడ్ అనే చిన్న చేపల గుంపు కూడా తెర మీద కనిపిస్తే ఇక కదలనక్కర్లేదు.

డల్లాస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్‌లో ఇంకో చిక్కుంది. అది 1980లో కట్టడం పూర్తయిన జలాశయం. మునిగిన అడవిలో చెట్లు చాలాచోట్ల అలాగే నిలబడి ఎండిపోయాయి. మామూలు గాలం వేస్తే కొమ్మకు తగులుకుని తెగిపోతుంది. అక్కడ టెక్సాస్ రిగ్గే గతి. ముందు తూటా ఆకారపు సీసం, వెనక ప్లాస్టిక్ వానపాము, గాలం మొన ఆ పాము ఒంట్లోకే గుచ్చి దాచేయడం. చెట్ల మధ్య నుంచి మెల్లగా, విసుగొచ్చేంత మెల్లగా లాగాలి. తెల్లవారక ముందైతే ఇంత తతంగం అక్కర్లేదు. నాచు మీద రబ్బరు కప్పను గెంతిస్తే చాలు.

వేసవిలో పెద్ద చేప పడదనే మాటను మాత్రం నమ్మకండి. ప్రపంచ రికార్డు బాస్‌ను జార్జ్ పెర్రీ అనే రైతు జార్జియాలో పట్టింది 1932 జూన్ 2న. బరువు పది కిలోలు దాటింది. దానికి సమంగా నిలిచిన చేపను జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టింది 2009 జులైలో. అన్నట్టు, పెర్రీ ఇంట్లో ఆ రికార్డు చేపను వండుకుని తినేశారు.

ఇప్పుడు ఆ పని చేస్తే బాస్ వేటగాళ్లు వెలివేస్తారు. బాస్ వేట పోటీలు నడిపిన రే స్కాట్ 1970ల్లో ఆ పోటీల్లో పట్టిన చేపను బతికుండగా వదలాలని పట్టుబట్టాడు. నాటి నుంచి అది ఇక్కడ మతంలా స్థిరపడింది. మంచిదే. కానీ ఆగస్టులో నాకు దాని మీద అనుమానం. లోతు నుంచి లాగిన చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బుతుంది. పెనుగులాటతో అలసిన ఒంటికి వేడి నీళ్లలో ఊపిరి చాలదు. ఆపైన ఫొటోలు. వదలగానే తోకాడించి వెళ్తుంది, మనం మురిసిపోతాం. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో అది చస్తే చూసేదెవరు?

సూర్యాపేటలో ఉన్న మా పెదనాన్న ఫోనులో అడుగుతుంటాడు: "వదిలేసేదానికి పట్టుడెందుకురా?" ఆయనకు తెలిసింది కొరమీను. చెరువు అడుగంటి బురదైనా నోటితో గాలి పీల్చుకుని బతికే చేప. (ఆ మొండితనానికి భయపడే అమెరికా 2002లో ఆ జాతిని ప్రాణంతో దేశంలోకి తేవడాన్ని నిషేధించింది.) బాస్‌కు ఆ విద్య లేదు. అందుకే ఆగస్టు మట్టుకు పెదనాన్న మాటే నాకు సబబు.

లేక్ ఫోర్క్ నిబంధన కూడా ఆయన పక్షమే. అక్కడ 16 నుంచి 24 అంగుళాల బాస్‌ను వదిలి తీరాలి. 16 లోపువి తీసుకెళ్లొచ్చు, రోజుకు అయిదు దాటకుండా. చిన్నవాటిని జనం కొన్ని తింటే మిగిలినవి బాగా ఎదుగుతాయన్నదే ఈ లెక్క. తీసుకెళ్లేవాళ్లే తక్కువ. నేను తెచ్చుకుంటాను. తెల్లటి గట్టి కండ, ముళ్లు తక్కువ, పులుసులో విరగదు.

16 నుంచి 24 అంగుళాల చేప పడినప్పుడు వదలక తప్పదు కాబట్టి వేసవిలో లావు దారమే కడతాను, త్వరగా పడవ దగ్గరికి రావాలని. చెయ్యి తడి చేసుకుని పట్టుకుంటాను. ఎండకు కాలిన పడవ నేల మీద పెట్టను. తొట్టిలో ఉంచాల్సి వస్తే సీసాలో గడ్డకట్టించిన నీళ్లు వేస్తాను. విడి ఐసైతే కుళాయి నీళ్ల క్లోరిన్ తొట్టిలో కలుస్తుంది.

ఎండ తగ్గితే హాయి అనుకుంటారు కొత్తవాళ్లు. శరదృతువులో పైనీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి, పొరలన్నీ కలిసిపోతాయి. తెర మీద చార మాయం. ఆక్సిజన్ అన్ని లోతుల్లోనూ ఉంటుంది గనక చేప ఎక్కడైనా ఉండొచ్చు. నాకైతే అప్పటి వేటే కష్టం.