పాఠం 7: కాన్ఫిగర్ చెప్పే ‘లేదు’ను ఎంతవరకు నమ్మాలి?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ఆటోకాన్ఫ్ పద్ధతిలోని మూలసూత్రాన్ని వివరించగలుగుతారు;
• ఆ పద్ధతి బలాన్ని, లోపాన్ని ఉదాహరణలతో అంచనా వేయగలుగుతారు;
• కాన్ఫిగర్ ఫలితాలను విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.

7.1 పరిచయం

సి భాషలో రాసిన ఒక ప్రోగ్రామ్ మూలకోడ్‌ను దించుకొని మీ కంప్యూటర్‌పై నిర్మించాలంటే, చాలా సందర్భాల్లో మొదట ‘కాన్ఫిగర్’ అనే స్క్రిప్ట్‌ను నడపాలి. తెరపై వరుసలు దొర్లుతాయి. కంపైలర్ పనిచేస్తుందా? అవును. ఫలానా హెడర్ ఉందా? ఉంది. ఫలానా లైబ్రరీ ఉందా? లేదు. చివర్లో దోషం రాకపోతే చాలనుకొని మనం ముందుకు సాగిపోతాం. అయితే నిర్మించిన ప్రోగ్రామ్ ఏం చేయగలదో, ఏం చేయలేదో ఆ వరుసల్లోనే తేలిపోతుంది. వాటిని ఎలా చదవాలన్నదే ఈ పాఠం విషయం.

7.2 పేరు కాదు, పరీక్ష

యూనిక్స్‌లో అనేక రకాలు వచ్చాక, ఒకదానిలో ఉన్న ఫంక్షన్ మరొకదానిలో ఉండేది కాదు. ప్రోగ్రామర్లు ‘ఇది ఫలానా వ్యవస్థ అయితే ఇలా చేయి’ అంటూ వ్యవస్థల పేర్లను కోడ్‌లో రాసుకునేవారు. కొత్త వ్యవస్థ వచ్చిన ప్రతిసారీ ఆ జాబితా పెరిగేది. 1991లో డేవిడ్ మెకెంజీ గ్నూ ప్రాజెక్టు కోసం ఆటోకాన్ఫ్‌ను మొదలుపెట్టాడు. అది తయారుచేసే కాన్ఫిగర్ స్క్రిప్ట్ ప్రధానంగా వ్యవస్థ పేరుపై ఆధారపడదు. ఒక చిన్న సి ప్రోగ్రామ్ రాసి, కంపైల్ చేసి, లింక్ చేసి చూస్తుంది. అది సఫలమైతే ‘ఉంది’, విఫలమైతే ‘లేదు’. ఈ జవాబులు ఒక హెడర్ ఫైలులోకి, మేక్‌ఫైల్‌లోకి చేరతాయి.

ఈ సూత్రం రాయలసీమ రైతుకు కొత్తది కాదు. కర్నూలు నల్లరేగడిలో శనగ వేసే రైతు సంచి మీది పేరు చూసి ఊరుకోడు. నూరు గింజలు తడి గోనెపట్టాలో చుట్టిపెట్టి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెడతాడు. అదును ఒకటే, వాన తక్కువ. అక్కడ పేరును నమ్మి పొరపడితే పంటకాలమే పోతుంది.

ఈ పద్ధతి ఎంత సరైనదో ఒక ఉదాహరణ చూపుతుంది. ‘స్ట్రెల్‌కాపీ’ అనే ఫంక్షన్ ఓపెన్‌బీఎస్‌డీలో 1998 నుంచి ఉంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే గ్లిబ్‌సీలోకి అది 2023లో, 2.38 వెర్షన్‌తో వచ్చింది. ‘లినక్స్ అయితే ఈ ఫంక్షన్ లేదు’ అని రాసుకున్న కోడ్ ఆ రోజుతో తప్పయింది. పరీక్షించి చూసే కోడ్‌ను మార్చాల్సిన అవసరమే రాలేదు.

7.3 ‘లేదు’కు రెండు అర్థాలు

ఇక లోపానికి వద్దాం. గోనెపట్టా మధ్యలో ఎండిపోతే గింజలు మొలవవు. తప్పు విత్తనానిది కాదు, పరీక్షది. రైతుకు ఆ తేడా తెలుసు కాబట్టి పట్టాను తడిపి మళ్లీ చూస్తాడు. కాన్ఫిగర్‌కు ఆ తేడా తెలియదు. కంపైల్ ఏ కారణంతో విఫలమైనా దాని జవాబు ఒక్కటే: ‘లేదు’.

ఇది ఊహ కాదు. పాత కాన్ఫిగర్ పరీక్షల్లో చాలావాటిలో, హెడర్‌ను చేర్చకుండానే ‘ఎగ్జిట్’ వంటి ఫంక్షన్‌ను పిలిచేవారు. అప్పటి కంపైలర్లు హెచ్చరించి వదిలేసేవి. 2023లో క్లాంగ్ 16, 2024లో జీసీసీ 14 దాన్ని దోషంగా పరిగణించడం మొదలుపెట్టాయి. దాంతో వ్యవస్థలో నిక్షేపంలా ఉన్న సదుపాయాలకు కూడా ‘లేదు’ అనే జవాబు రాసాగింది. నిర్మాణం ఆగదు, ప్రోగ్రామ్ ఒక సదుపాయాన్ని కోల్పోయి బయటికి వస్తుంది.

ఈ మౌనాన్ని ఎవరైనా కావాలని వాడుకుంటే? 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ బయటపెట్టిన ‘ఎక్స్‌జెడ్’ ఉదంతం దీనికి సమాధానం. 5.6.0, 5.6.1 వెర్షన్ల విడుదల ప్యాకేజీలో, కాన్ఫిగర్ దశలో పనిచేసే ఒక ఎం4 ఫైలు ద్వారా దొంగదారి చొప్పించారు. అదే ప్రాజెక్టులో, ఆటోకాన్ఫ్ కాక సీమేక్ వాడే నిర్మాణ ఫైలులో, ‘ల్యాండ్‌లాక్’ అనే రక్షణ సదుపాయాన్ని పరీక్షించే కోడ్ మధ్య ఒక వరుసలో ఒంటరి చుక్క ఉంది. ఆ చుక్క వల్ల పరీక్ష కోడ్ ఎప్పటికీ కంపైల్ కాదు. కెర్నెల్‌లో రక్షణ ఉన్నా జవాబు ‘లేదు’. ఎవరికీ దోషసందేశం కనిపించదు. అంటే ఈ లోపం ఆటోకాన్ఫ్‌ ఒక్కదానిది కాదు. వైఫల్యాన్ని లేమిగా లెక్కించే ప్రతి పరికరానిదీ.

7.4 కడప సరిగ్గా వస్తే చాలా?

ఈ సమస్య తెలుగు దాకా ఎలా వస్తుందో చూద్దాం. బొమ్మలపై అక్షరాలు రాయడానికి ఇమేజ్‌మాజిక్ అనే ప్రోగ్రామ్ వాడతారు. ఒత్తులు, గుణింతాలు సరిగా అమరాలంటే దానికి ‘రక్మ్’ అనే లైబ్రరీ తోడుండాలి. కాన్ఫిగర్‌కు అది దొరకకపోయినా నిర్మాణం పూర్తవుతుంది. చివర చూపే పట్టికలో మాత్రం ఆ లైబ్రరీ ఎదురుగా ‘లేదు’ అని ఉంటుంది.

అలా నిర్మించిన ప్రోగ్రామ్‌తో మీరు రాయలసీమ పటంపై ఊళ్ల పేర్లు రాస్తున్నారనుకోండి. ముందుగా ‘కడప’ రాసి చూస్తారు. మూడు అక్షరాలూ తలకట్టుతో ఉన్నవే. ఒత్తు లేదు, గుణింతపు గుర్తు లేదు. చక్కగా వస్తుంది. తెలుగు పనిచేస్తోందని నిర్ణయిస్తారు. తర్వాత ‘కర్నూలు’ రాస్తే నకారం ఒత్తుగా కిందికి దిగకుండా పక్కన పూర్తి అక్షరంగా నిలబడుతుంది. నంద్యాల, ప్రొద్దుటూరు, ఆత్మకూరు, బద్వేలు అన్నిటికీ అదే గతి. పటం మీద ఒక ఊరి పేరు తప్పుగా పడితే, ఆ ఊరివాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఇక్కడ పరీక్ష విఫలం కాలేదు, సులువైన పదం దగ్గర ఆగిపోయింది. ‘ఉంది’ అనే జవాబు కూడా మనం అడిగిన ప్రశ్నకే జవాబు, మనకు కావలసిన దానికి కాకపోవచ్చు.

7.5 అంచనా

ఆటోకాన్ఫ్ నెమ్మది అని, ఎం4 భాష అర్థం కాదని కొందరు విమర్శిస్తారు. ఆ మాటలు నిజమే కానీ పైపైవి. దొరికిన వాటితో సర్దుకుపోయే దాని గుణాన్ని కూడా తీసిపారేయలేం. పాత కంప్యూటర్, అరకొర లైబ్రరీలు ఉన్న విద్యార్థికి కూడా ఏదో ఒక ప్రోగ్రామ్ చేతికొచ్చేది ఆ గుణం వల్లే. అసలు లోపం సర్దుకోవడంలో కాదు, సర్దుకున్న సంగతి గట్టిగా చెప్పకపోవడంలో ఉంది.

మీసాన్ అనే తరువాతి పరికరం ఐచ్ఛిక సదుపాయానికి మూడు స్థితులు ఇస్తుంది: తప్పనిసరి, వద్దు, దొరికితే సరి. తప్పనిసరి అన్నది దొరకకపోతే నిర్మాణం ఆగిపోతుంది. ఇది మెరుగైన మార్గమే. అయితే ఏది తప్పనిసరో చెప్పాల్సింది మనమే. తెలుగు రాయవలసిన ప్రోగ్రామ్‌లో అక్షర అమరిక లైబ్రరీ ‘దొరికితే సరి’ జాబితాలో ఉండకూడదు.

మీ వంతుగా రెండు పనులు చేయండి. అనుమానం కలిగిన ప్రతి ‘లేదు’కు కాన్ఫిగ్.లాగ్ ఫైలు తెరిచి, విఫలమైన పరీక్ష కోడ్‌ను, కంపైలర్ దోషసందేశాన్ని చదవండి. వస్తువు లేదా, లేక పరీక్షే చెడిందా అన్నది అక్కడ తెలుస్తుంది. తర్వాత, నిర్మించిన ప్రోగ్రామ్‌ను ‘కడప’తో కాక ‘ప్రొద్దుటూరు’తో పరీక్షించండి.

సారాంశం

పేరును కాక పనితీరును పరీక్షించాలన్న ఆటోకాన్ఫ్ సూత్రం సరైనది. కానీ విఫలమైన పరీక్షను, లేని సదుపాయాన్ని అది ఒకే మాటతో చెబుతుంది. అందువల్ల పరీక్షను కూడా పరీక్షించడం ప్రోగ్రామర్ బాధ్యత.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వ్యవస్థ పేరుపై ఆధారపడటం కంటే సదుపాయాన్ని పరీక్షించడం ఎందుకు మేలు? ఒక ఉదాహరణ ఇవ్వండి.
2. జీసీసీ 14 రాకతో కొన్ని పాత పరీక్షలు తప్పు జవాబు ఎందుకు ఇచ్చాయి?
3. మీ ఊరి పేరు తెలుగు అక్షర అమరికకు మంచి పరీక్ష అవుతుందా? కారణాలతో చర్చించండి.