ఖాళీ కాలు, నిండు కాలు

తై చీ చేసేవాళ్లను దూరం నుంచి చూస్తే ఏ శ్రమా లేనట్టే ఉంటుంది. మోకాళ్లు కాస్త వంచి, వెన్ను నిటారుగా పెట్టి వాళ్లంత నిదానంగా ఒక్క అడుగు వేసి చూడండి, అసలు సంగతి తొడలు చెబుతాయి. చైనాలో హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ అనే పల్లెలో, పదిహేడో శతాబ్దంలో చెన్ వంశం వాళ్లు మొదలుపెట్టారని చెప్పే యుద్ధవిద్య ఇది. ఎదుటివాణ్ణి తోయడం ఎంత నేర్పుతుందో, తోస్తే పడకుండా నిలదొక్కుకోవడం అంతే నేర్పుతుంది. పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్లకు అక్కరకొచ్చేది ఈ రెండోదే.

ఈ జబ్బు అనగానే అందరికీ చేతి వణుకే గుర్తొస్తుంది. ఇంట్లోవాళ్లను భయపెట్టేది మాత్రం నడక. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు తగ్గేకొద్దీ, ఆలోచించకుండానే జరిగిపోవాల్సిన కదలికలు మొరాయిస్తాయి. అడుగు కురచవుతుంది, పాదం ఈడ్చుకుపోతుంది. గడప దాటబోతేనో, వెనక్కి తిరగబోతేనో కాలు కదలనంటుంది. ఒళ్లు ముందుకు వెళ్లిపోతుంది, కాలు రాదు. పడిపోయేది అక్కడే.

తై చీ సరిగ్గా ఆ అడుగునే విడదీసి నేర్పుతుంది. ముందు బరువంతా ఎడమ కాలి మీదకు తీసుకుంటారు. ఇప్పుడు కుడి కాలు ఖాళీ. దాన్ని ముందుకు చాపి మడమ ఆనిస్తారు, బరువు మాత్రం వేయరు. కావాలంటే అప్పటికీ వెనక్కి తీసుకోవచ్చు. అరికాలు ఆని, వేళ్లు ఆని, పాదం కుదురుకున్నాకే బరువు మెల్లగా అందులోకి దిగుతుంది. ‘మేఘహస్తాలు’ అనే కదలికలో ఇదే పని పక్కకు, నడుం తిరిగినట్టల్లా చేతులు దాని వెంట తిరుగుతాయి. కోతిని తరిమే భంగిమలో వెనక్కి అడుగు: ముందు వేళ్లు, చివర మడమ. వెనకడుగు ఈ రోగులకు గండం కాబట్టి, పక్కన మనిషి లేకుండా దాని జోలికి పోకూడదు.

అమెరికాలోని ఒరెగాన్‌లో పరిశోధకుడు ఫూజోంగ్ లీ బృందం దీన్ని పరీక్షించడానికి 195 మంది పార్కిన్సన్స్ రోగులను మూడు జట్లు చేసింది. ఒక జట్టుకు తై చీ, ఒకదానికి కండబలం పెంచే కసరత్తు, మరోదానికి ఒళ్లు సాగదీయడం. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు. 2012లో ఫలితాలు వచ్చాయి. నిలకడలో తై చీ జట్టుదే పైచేయి. ఒళ్లు సాగదీసినవాళ్లకన్నా తక్కువసార్లు పడ్డారు కూడా. కసరత్తు జట్టుకన్నా తక్కువ పడ్డారని మాత్రం తేలలేదు. తై చీని ఆకాశానికెత్తేవాళ్లు ఈ ఆఖరి ముక్క చెప్పరు.

జబ్బు దీనితో నయం కాదు, మందులు మానకూడదు. మందు బాగా పనిచేస్తున్న వేళ చూసుకుని సాధన చేయాలి. తై చీని 1956లో చైనా క్రీడాసంఘం 24 భంగిమలకు కుదించింది, అవన్నీ కూడా అక్కర్లేదు. దగ్గర్లో గురువు దొరకకపోతే, బరువు మార్చే ఆ ఒక్క అడుగు ఫిజియోథెరపిస్టు చూపించినా చాలు. వంటగట్టు పట్టుకుని చేయొచ్చు. జారే చెప్పులు వద్దు. పక్కన కబుర్లూ వద్దు, ఎందుకంటే ఈ జబ్బులో మాటా నడకా ఒకేసారి సాగడం కష్టం. కాఫీ కావాలా నాన్నా అని అడగాలన్నా, రెండు పాదాలూ నేల మీద ఆనాక అడగండి.