పందికొక్కు సాక్ష్యం

ఇంగ్లీషు మాటల పుట్టుక గురించి ఉత్తరాలు రాసే పాఠకుల్లో చాలామందికి జవాబు ముందే తెలిసి ఉంటుంది. నాచేత ఔననిపించుకోవడానికే రాస్తారు. ‘పోష్’ సంగతే చూడండి. పోష్ ఏరియా, పోష్ హోటల్ అని మనమూ అలవోకగా వాడే మాట. దీనికో కథ ఉంది. ఇంగ్లండు నుంచి ఇండియాకి ఓడలో వచ్చే దొరలకి ఎడమవైపు గదుల్లో ఎండ బాధ తక్కువట. తిరుగు ప్రయాణంలో కుడివైపు గదుల్లో. డబ్బున్నవాళ్లు ఏరికోరి ఆ గదులే పుచ్చుకునేవారట. పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్. ఆ నాలుగు మొదటి అక్షరాలూ టిక్కెట్టు మీద ముద్ర కొట్టేవారనీ, అదే మాటగా స్థిరపడిందనీ చెబుతారు.

ఓడ ఉంది, ఎండ ఉంది, దర్జా ఉంది. లేనిదల్లా టిక్కెట్టే. పీ అండ్ ఓ కంపెనీ ఓడలకి సంబంధించి అలాంటి ముద్ర ఉన్న టిక్కెట్టు ఒక్కటీ బయటపడలేదు. పైగా మొదటి అక్షరాలు గుచ్చి కొత్త మాట తయారుచేయడం ఇరవయ్యో శతాబ్దంలో ఊపందుకున్న అలవాటు. రాడార్ అలా పుట్టిందే. అంతకన్నా పాత మాటని ఎవరైనా అక్షరం అక్షరం విడదీసి అర్థం చెబుతుంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ‘న్యూస్’ అంటే నాలుగు దిక్కులు అనేదీ ఆ బాపతే. కొత్త సంగతులు కనక న్యూస్, అంతే.

మరి పోష్ ఎక్కడిది? తేలలేదనే నిఘంటువులు అంటున్నాయి. రోమానీ భాషలో ‘సగం’ అనే అర్థమున్న మాట లండన్ యాసలో చిల్లర డబ్బుకి పేరై, అక్కడినుంచి దర్జాకి పాకిందని కొందరి ఊహ. రోమానీలు ఎప్పుడో మన ఉపఖండం నుంచి వలసపోయినవాళ్లే. ఆ ఊహే నిజమైతే ఇండియా చుట్టరికం ఉన్నట్టే, కాకపోతే ఓడ కథలోని దొరల దారిన కాదు.

ఈ పనిలో నేను నమ్మేది ఒకే ప్రశ్నని: ఆ మాట మొదట ఎప్పుడు, ఎవరి రాతలో కనబడింది? ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకి జేమ్స్ మరే వేసిన పునాది కూడా అదే. ఊరూరి పాఠకులు పుస్తకాల్లోంచి వాక్యాలు చీటీల మీద ఎత్తి రాసి పంపేవారు. 1884లో మొదటి భాగం వచ్చింది, 1928కి గానీ పని పూర్తి కాలేదు. అప్పటికి మరే పోయి పదమూడేళ్లు.

అలా సాక్ష్యంతో నిలబడ్డ మాటల్లో నాకు మహా ఇష్టమైనది ‘బాండికూట్’. ఇది అచ్చంగా మన పందికొక్కు. గాదె కింద బొరియ తవ్వి ధాన్యం ఊడ్చేసే పందికొక్కే. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ల నోట్లో ‘ప’ కాస్తా ‘బ’ అయింది. 1886లో యూల్, బర్నెల్ ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు తెచ్చేసరికి అందులో తెలుగు మాటగానే ఎక్కింది. జంతుశాస్త్రంలోనూ మన పందికొక్కు ప్రజాతి పేరు బాండికోటా.

అసలు వింత ఆస్ట్రేలియాలో జరిగింది. అక్కడ మూతి పొడుగ్గా ఉండి, నేల తవ్వి పురుగులు తినే చిన్న జంతువు ఒకటుంది. అది ఎలుక జాతి కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచే జీవి. తెల్లవాళ్లు దాన్ని చూసి, ఇండియాలో విన్న పేరే దానికీ అంటగట్టారు. మన పందికొక్కుతో దానికి నెత్తుటి చుట్టరికం లేదు.

పేరు అక్కడితో ఆగిందా? ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ క్రియ కూడా అయింది. పైన ఆకులు కదలకుండా, చేలో ఎవరికీ అనుమానం రాకుండా, అడుగున బంగాళాదుంపలు మాత్రం తవ్వుకుపోవడాన్ని అలా అంటారు. 1996లో క్రాష్ బాండికూట్ అనే వీడియో గేమ్ వచ్చి పిల్లలకి ఈ పేరు నోటికి పట్టించింది. అందులో ఎగిరి గంతులేసే ఆ నారింజరంగు జీవికి పేరు మన గాదెల కిందినుంచి వెళ్లిందని చెబితే, ఓడ కథ నమ్మిన పాఠకుడే దీన్ని మాత్రం నమ్మడు!