అడిగే పద్ధతి

మా ఎస్.కోట పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపుకి నేనూ ఒక అడ్మిన్‌ని. పొద్దున్నే పూల బొమ్మలు, శివరాత్రికి పుణ్యగిరి వీడియోలు, ఎవరి పిల్లదో శుభలేఖ. వీటిని చూసి విసుక్కునేవాళ్లు చాలామందే. నాకు విసుగు లేదు. నలుగురు నడిస్తేనే కదా కాలిబాట మీద గడ్డి మొలవదు! అవసరం పడ్డనాడు కబురు ఆ బాటనే రావాలి.

ఆ కబురు రాయడం దగ్గరే నా గోలంతా. 'అర్జెంట్, ఓ పాజిటివ్ రక్తం కావాలి, అందరికీ పంపండి' అంటే ఎవరూ కదలరు. ఏ ఆస్పత్రి, ఏ వార్డు, ఎన్ని యూనిట్లు, ఎన్ని గంటల్లోపు, ఎవరికి ఫోన్ చెయ్యాలి? అన్నిటికన్నా ముందు తేదీ. పెద్ద జబ్బంటే మాకు విశాఖ కేజీహెచ్చే. ఇక్కడ బస్సెక్కి అక్కడ దిగాలి. పైగా ఒకసారి రక్తమిచ్చిన మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలి. ఒకరు చాలినచోట ముగ్గురు ఇచ్చేస్తే వచ్చేవారం ఎవర్ని పిలుస్తాం? అందుకే అవసరం తీరగానే 'దొరికింది, ఇక వద్దు' అని పెట్టించేదాకా వదలను. తేదీ లేని మెసేజ్, రోగి ఇంటికి చేరాక కూడా ఊళ్లు తిరుగుతూనే ఉంటుంది. పుకార్ల మూలంగా మూకదాడులు జరిగిన 2018లో, మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ చేసేలా వాట్సాప్ కట్టడి పెట్టింది. ఇంకా తగ్గించినా నాకు అభ్యంతరం లేదు.

ఉద్యోగాల తీరు వేరు. దగ్గరివాళ్లకన్నా ముఖపరిచయస్తులే కొత్త కబుర్లు తెస్తారని మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1973లోనే రాశాడు. దగ్గరివాళ్లకి తెలిసిందల్లా మనకీ తెలిసే ఉంటుంది మరి. లింక్డిన్‌లో 2 కోట్ల మందికి పైగా వాడుకరుల మీద జరిగి 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన కూడా ఇంచుమించు అదే తేల్చింది. మా గ్రూపులోనూ అంతే: పరవాడ ఫార్మాసిటీలో ఖాళీ ఉందని చెప్పేది బావమరిది కాదు, పదో తరగతిలో వెనక బెంచీలో కూర్చుని, తర్వాత పెళ్లిళ్లలో తప్ప కనబడనివాడు.

ఫోన్లు లేని కాలంలోనూ ఇదే వరస. పుస్తకాల తెలుగు, నోటి తెలుగు వేరువేరుగా ఎందుకున్నాయని స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్‌కి సందేహం వచ్చింది. విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ని అడిగితే, విజయనగరంలో గురజాడనీ, పర్లాకిమిడిలో గిడుగునీ అడగమన్నారు. ఆ ఇద్దరూ చిన్ననాడు విజయనగరంలో కలిసి చదువుకున్నవాళ్లే. వాడుకభాష ఉద్యమానికి అలా నిప్పు రాజుకుంది. యేట్స్ దొర 'తెలుగు గురించి ఎవరికైనా తెలిస్తే చెప్పండి' అని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో!

మొన్న ఓ కుర్రాడు గ్రూపులో పెట్టాడు: 'డిగ్రీ అయిపోయింది, ఏదైనా జాబ్ ఉంటే చూడండన్నా.'

"ఏ డిగ్రీ బాబూ? నైట్ షిఫ్ట్ చేస్తావా? ఎంత దూరం వెళ్తావు?" అని ఫోన్ చేసి అడిగాను.

"బీఎస్సీ కెమిస్ట్రీ అన్నా. ఎక్కడికైనా వెళ్తాను."

"మరదే రాయొచ్చు గదా!"

రాశాడు. సాయంత్రానికి రెండు ఫోన్ నంబర్లు వచ్చాయి. ఒకటి హైదరాబాద్ నుంచి ఎవరో ఆవిడ పెట్టింది. ఆవిణ్ణి గ్రూపులో ఎవరు చేర్చారో మా అడ్మిన్లలో ఒక్కరికీ గుర్తులేదు.